స్కాట్లాండ్‌లో కారు మనమే నడుపుతూ 14 రోజులు: కోటలు, పల్లెదారులు, అల్లుడి పూర్వీకుల ఊరు

నీలాంబరం

జూన్ మొదటి రెండు వారాలు స్కాట్లాండ్ అనుకుంటున్నాం. నలుగురం: మేమిద్దరం (అరవై దాటాం, ఒకరికి మోకాళ్ల నొప్పి), అమ్మాయి, అల్లుడు. అల్లుడిది కెనడా, ఇంటిపేరు మకై. వాళ్లింట్లో ఉన్న పాత బైబిల్ మొదటి పేజీలో పూర్వీకుడి పుట్టుక "ఫార్, స్కాట్లాండ్, 1811" అని రాసి ఉంది. ఆయన 1830ల్లో ఒంటారియోకు వలస వెళ్లాడు. అంతకుమించి ఏమీ తెలీదు.

ఇప్పటికి వేసుకున్న ప్లాను: ఎడిన్‌బరా 2 రాత్రులు, తర్వాత స్టర్లింగ్, గ్లామిస్, డనాటర్, క్రేగీవార్, ఇన్వర్‌నెస్, అర్కర్ట్, డన్‌రాబిన్, "ఫార్" ఒక రోజు, స్కై, ఐలన్ డోనన్, గ్లాస్గోలో ముగింపు. ఎయిర్‌పోర్టులో దిగగానే పెద్ద ఎస్‌యూవీ, ఆటోమేటిక్. నేను భారత లైసెన్సు మీద, అల్లుడు కెనడా లైసెన్సు మీద నడుపుతాం.

కోటలన్నిటికీ ఒకే పాసు ఉంటుందా? ఫార్‌కి ఒక రోజు చాలా? సింగిల్ ట్రాక్ రోడ్లంటే భయపడాలా?

పాతకాగితం

హోటళ్లు బుక్ చేసే ముందు ఒక మాట. ఏ ఫార్? స్కాట్లాండ్‌లో ఇన్వర్‌నెస్‌కు దక్షిణాన, స్ట్రాత్‌నేర్న్ లోయలో బీ851 రోడ్డు మీద ఫార్ అనే చిన్న ఊరుంది. ఉత్తర సముద్రతీరాన, సదర్లాండ్‌లో ఫార్ అనే పారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ల సముదాయం) ఉంది. రెండింటికీ మధ్య సుమారు 100 మైళ్లు. జీపీఎస్‌లో "ఫార్" అని కొడితే ఇన్వర్‌నెస్‌లో ఉన్నవాళ్లకు మొదట కనిపించేది దక్షిణాన ఉన్నదే.

వాయవ్య సదర్లాండ్ మకైల గడ్డ కాబట్టి మీకు కావాల్సింది ఉత్తరాన ఉన్నదే అయ్యుండాలి. కానీ "అయ్యుండాలి" అన్న మాట మీద నలుగురు విమానం ఎక్కకూడదు కదా.

ఇంకో చిక్కుంది. ఫార్ పారిష్ తీరాన ఉన్న బెటీహిల్ నుంచి లోపల ఆల్ట్‌నహారా దాకా, ఇరవై మైళ్లకు పైగా పరుచుకుని ఉంటుంది. "ఫార్‌లో పుట్టాడు" అంటే మన దగ్గర ఫలానా తాలూకాలో పుట్టాడు అన్నట్టే, ఊరు ఇంకా తేలలేదు. ఆ ఊరు తేలాకే మిగతా ప్లాను. మీ జాబితాలో ఎనిమిది కోటలకు వారం పైగా ఇచ్చి, అసలు పనికి ఒక్క రోజు విదిల్చారు. దాన్ని తిరగెయ్యాలి.

ఎడమచక్రం

పాతకాగితం గారు ఊరు తేలుస్తారు, నేను కారు సంగతి చూస్తాను.

మొదట, ఎడిన్‌బరాలో ఉన్న రెండు రోజులూ కారు వద్దు. పార్కింగ్ ఖరీదు, పాతబస్తీ మెట్టలూ ఇరుకు సందులూ, పైగా నగర మధ్యంలో పొగ ఎక్కువ వదిలే పాత బండ్లను రానివ్వని తక్కువ ఉద్గారాల మండలం ఉంది (అద్దె కార్లు సాధారణంగా దానికి సరిపోతాయనుకోండి). ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ట్రామ్ ఉంది. ఊరు చూడడం అయ్యాక అదే ట్రామ్‌లో వెనక్కి వెళ్లి కారు తీసుకుని అటే స్టర్లింగ్ వైపు వెళ్లిపోండి. రెండు రోజుల అద్దె మిగులుతుంది, ప్రయాణ బడలికతో కొత్త ఊళ్లో స్టీరింగ్ పట్టుకునే గొడవా ఉండదు.

రెండోది, పెద్ద ఎస్‌యూవీ మానేయండి. ఉత్తరాన రోడ్డు ఒక్క బండి వెడల్పే. కారు ఎంత వెడల్పయితే ఎడమ చక్రాలు తారు అంచుకు అంత దగ్గరగా పోతాయి. అంచు దగ్గర తారు విరిగి పదునుగా ఉంటుంది, దాని పక్కన మెత్తటి మట్టి. టైరు అంచు దిగి మళ్లీ పైకెక్కేటప్పుడు పక్కగోడ కోసుకుపోతుంది. చాలా అద్దె కార్లలో స్టెప్నీ ఉండదు, నురగ సీసా, చిన్న పంపు మాత్రమే ఇస్తారు. నురగ మేకు దిగిన రంధ్రాన్ని పూడుస్తుంది, కోసుకుపోయిన పక్కగోడకు ఎందుకూ పనికిరాదు. అప్పుడు రికవరీ ట్రక్కు కోసం గంటలకొద్దీ కాచుకోవడమే. నలుగురికీ నాలుగు పెట్టెలకూ ఎస్టేట్ కారు సరిపోతుంది: పొడవు ఉంటుంది, వెడల్పు పెరగదు. బుక్ చేసేటప్పుడు స్టెప్నీ ఉన్న బండి ఉందా అని అడగండి.

కౌంటర్‌లో సంతకం పెట్టే ముందు ఎక్సెస్ ఎంతో చూడండి, అంటే దెబ్బ తగిలితే మీ జేబులోంచి పోయే మొత్తం. వెయ్యి పౌండ్లు దాటడం మామూలే. మామూలు బీమాలో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం తరచూ ఉండవు, సింగిల్ ట్రాక్ రోడ్ల మీద దెబ్బ తినేవి సరిగ్గా ఆ మూడే. వాటికి కవరేజీ ఉందో లేదో చదివి తెలుసుకోండి. ఎక్సెస్ బీమా విడిగా బయట కొంటే చవక, కాకపోతే ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాలి. డిపాజిట్‌కు మొదటి డ్రైవర్ పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డే అడుగుతారు. కౌంటర్ దగ్గర గొడవలన్నీ అక్కడే: కార్డు అమ్మాయిది, బుకింగ్ నాన్నది.

లైసెన్సులు: సందర్శకులుగా వచ్చినవాళ్లు సొంత దేశపు లైసెన్సుతో అక్కడ 12 నెలల దాకా కారు నడపొచ్చు. భారత లైసెన్సుతోపాటు అంతర్జాతీయ పర్మిట్ ఉంటే అద్దె కంపెనీ దగ్గర వాదన ఉండదు. రెండో డ్రైవర్‌కు రోజుకింత అని వేస్తారు. పెద్ద వయసుకు పరిమితి ఉన్న కంపెనీలూ ఉన్నాయి, అదీ అడగండి.

కోటగోడ

పాసుల సంగతి. "అన్ని కోటలకూ ఒకే పాసు" అనేది లేదు. కోటలు మూడు రకాల చేతుల్లో ఉన్నాయి.

ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ చేతిలో ఎడిన్‌బరా, స్టర్లింగ్, డూన్, అర్కర్ట్, ఫోర్ట్ జార్జ్ లాంటివి ఉన్నాయి. వీళ్ల ఎక్స్‌ప్లోరర్ పాసు వీటికే. నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ వేరే సంస్థ, దానికి వేరే సభ్యత్వం: క్రేగీవార్, క్రాథెస్, ఫైవీ, డ్రమ్. మిగతావి కుటుంబాలవో, ప్రైవేటు ట్రస్టులవో: గ్లామిస్, డనాటర్, డన్‌రాబిన్, ఐలన్ డోనన్, డన్‌వెగన్, ఇన్వరారే, కాడర్. వీటికి విడిగా టికెట్టు కొనాల్సిందే. మీ జాబితాలో ఎడిన్‌బరా పోను ఎక్స్‌ప్లోరర్ పాసు పనిచేసేది స్టర్లింగ్, అర్కర్ట్ రెండింటికే. డూన్, ఫోర్ట్ జార్జ్ కలుపుకుంటే గిట్టుబాటవుతుంది, లేకపోతే విడి టికెట్లే నయం. పాసు ఉన్నా ఎడిన్‌బరా కోటకు టైమ్ స్లాట్ ముందే తీసుకోవాలి.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు డనాటర్ వద్దు. కోట సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద ఉంటుంది. ఒడ్డు నుంచి లోయలోకి వందల మెట్లు దిగి, మళ్లీ అటు ఎక్కాలి, వచ్చేటప్పుడు మళ్లీ అదే పని. ఒడ్డు మీంచి చూసినా దృశ్యం పూర్తిగా దక్కుతుంది. క్రేగీవార్ గులాబీ రంగు టవర్, లోపలంతా ఇరుకు మెలిమెట్లు. స్టర్లింగ్‌లో రాళ్ల నేలయినా నడవగలరు. అర్కర్ట్‌లో పైన బాల్కనీ నుంచే శిథిలాలు, లాక్ నెస్ సరస్సు కనిపిస్తాయి. ఆ శిథిలం కాలం చేసింది కాదు, 1692లో కోటను వదిలి వెళ్తున్న సైన్యమే మందుగుండుతో పేల్చేసింది.

ఐలన్ డోనన్ ఫోటో చూసి "13వ శతాబ్దపు కోట" అని మురిసిపోకండి. 1719లో యుద్ధనౌకలు దాన్ని నేలమట్టం చేశాయి. ఇప్పుడు కనిపించేది 20వ శతాబ్దం మొదట్లో మొదలుపెట్టి 1932లో ముగించిన పునర్నిర్మాణం. అందంలో వంక లేదు, ఏం చూస్తున్నామో తెలిసి చూడాలని అంటున్నాను.

నీలాంబరం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎస్టేట్ కారే తీసుకుంటాం. డనాటర్, గ్లామిస్, క్రేగీవార్ తీసేశాను. పాతకాగితం గారూ, ఊరు కనుక్కోవడం ఎలా? బైబిల్‌లో తల్లిదండ్రుల పేర్లు లేవు. ఒక చెల్లెలి పేరు మాత్రం ఉంది, ఆవిడ స్కాట్లాండ్‌లోనే ఉండిపోయిందట.

పాతకాగితం

ఆ చెల్లెలే మీకు తాళంచెవి. చెప్తాను.

స్కాట్లాండ్‌లో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువి చర్చి పుస్తకాలు, పాత పారిష్ రిజిస్టర్లు అంటారు. వాటిలో బాప్టిజం, పెళ్లి ప్రకటన ఉంటాయి, చావులు అరుదు. ఎన్నో ఖాళీలు, కొన్ని పుస్తకాలు పోయాయి. మీ పూర్వీకుడు 1811లో పుట్టి 1830ల్లో వెళ్లిపోయాడు కాబట్టి ఆయన ప్రభుత్వ నమోదులో ఎక్కడా ఉండడు. చెల్లెలు 1855 తర్వాత అక్కడే పోయి ఉంటే ఆమె మరణ నమోదులో తండ్రి పేరు, ఆయన వృత్తి, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. అక్కడివాళ్ల మరణ పత్రం ఇచ్చేంత సమాచారం ఇంగ్లాండ్ పత్రం ఇవ్వదు. ఆమె 1855లోనే పోయి ఉంటే ఇంకా మేలు: ఆ ఒక్క సంవత్సరం పత్రంలో పుట్టిన చోటు, పిల్లల పేర్లు కూడా రాశారు. రిజిస్ట్రార్లకు పని తడిసి మోపెడైపోయి మరుసటి ఏడాది చాలా గడులు ఎత్తేశారు.

ఎక్కడ వెతకాలంటే, స్కాట్లాండ్స్ పీపుల్ అని ప్రభుత్వ వెబ్‌సైటు. ఖాతా తెరిచి పేర్ల సూచిక వెతకడం ఉచితం. అసలు పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. 30 క్రెడిట్లు 7.50 పౌండ్లు, ఒక పేజీకి 6 క్రెడిట్లు, అంటే 1.50. తొందరపడి ప్రతి మకై పేజీ తెరిస్తే వంద పౌండ్లు ఇట్టే కరుగుతాయి, ఆ పారిష్‌లో రాయి విసిరితే మకైకే తగులుతుంది.

వెతికేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఇంటిపేరు అక్షరక్రమం రాసిన గుమాస్తాను బట్టి మారుతుంది. మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే అన్ని రూపాలూ వస్తాయి. రెండోది, పెళ్లయిన స్త్రీని పుట్టింటి ఇంటిపేరుతోనూ వెతకొచ్చు. స్కాట్లాండ్ దస్తావేజుల్లో, సమాధి రాళ్ల మీద పుట్టింటి పేరు నిలుస్తుంది. మూడోది, పిల్లలకు పేర్లు పెట్టే ఆనవాయితీ. పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, మూడోవాడికి నాన్న పేరు. పెద్ద కూతురికి అమ్మమ్మ, రెండోదానికి నాన్నమ్మ. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది కొత్తేం కాదు. ఒంటారియోలో పుట్టిన పిల్లల పేర్లు వరసగా రాసుకోండి, తాతల పేర్లు వాటిలోంచే ఊహించొచ్చు. ఊహ మాత్రమే, రుజువు కాదు. ఇద్దరు ముగ్గురు ఒకే పేరువాళ్లు పోటీకి వచ్చినప్పుడు తేల్చుకోడానికి పనికొస్తుంది.

జనాభా లెక్కలు 1841 నుంచి 1921 వరకు పదేళ్లకొకటి ఉన్నాయి. 1841లో పదిహేను దాటినవాళ్ల వయసు అయిదు గుణకానికి తగ్గించి రాశారు, 34 ఏళ్లవాడు 30 అవుతాడు. దాన్ని పట్టుకుని పుట్టిన సంవత్సరం లెక్కగట్టకండి. 1851 నుంచి పుట్టిన పారిష్ రాశారు, అక్కడ చెల్లెలి పేరు పక్కన "సదర్లాండ్, ఫార్" అని ఉంటే మీ మొదటి సందేహం తీరినట్టే.

దారిపటం

ఒక సూచన. ఎలాగూ ఉత్తరానికి వెళ్తున్నారు, ఎన్‌సీ500 (నార్త్ కోస్ట్ 500, ఉత్తర తీరాన్ని చుట్టే కారు దారి) పూర్తి చుట్టు వెయ్యొచ్చు కదా? 516 మైళ్లు, ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై అక్కడికే వస్తుంది. దారిలో కోటలూ తీరమూ రెండూ దొరుకుతాయి.

ఎడమచక్రం

దారిపటం గారూ, మైళ్లు చూసి మోసపోవద్దు. సింగిల్ ట్రాక్ మీద వేగ పరిమితి బోర్డు మీద గంటకు 60 మైళ్లే, నిజంగా పడే సగటు 25, 30. మలుపులు, గొర్రెలు, ఎదురు బండ్లకు ఆగడం. 40 మైళ్లకు గంటన్నర వేసుకోండి. చుట్టంతా తిరగాలంటే రోజూ కారులోనే గడుస్తుంది, వీళ్లకు కావాల్సింది ఒక లోయలో మూడు రోజులు నిలబడడం. పైగా ఆ చుట్టులో ఆపిల్‌క్రాస్‌కు పోయే బీలాక్ నా బా కనుమ ఉంది: 626 మీటర్ల ఎత్తు, కొన్నిచోట్ల అయిదుకు ఒకటి ఎక్కుడు, వెంట్రుకపిన్ను మలుపులు. డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్లు రావద్దని కింద బోర్డే పెట్టారు.

సింగిల్ ట్రాక్ అంటే భయం అక్కర్లేదు, పద్ధతి తెలిస్తే చాలు. రోడ్డు ఒక్క బండికే. కొంత దూరానికొకటి చొప్పున రోడ్డు ఉబ్బి "పాసింగ్ ప్లేస్" అని బోర్డు ఉంటుంది. ఎదురుగా బండి కనిపించిన క్షణమే చూసుకోవాలి, దానికీ మీకూ మధ్య ఉబ్బు ఎక్కడుందో, ఎవరికి దగ్గరో. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపు ఉంటే అందులోకి దూరకండి, దాని ఎదురుగా మీ వైపే ఆగండి, ఎదుటివాడు ఆ ఉబ్బులోంచి చుట్టి వెళ్తాడు. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే: కుడివైపుకు దూరతారు, ఎదుటివాడూ అదే ఉబ్బులోకి వస్తాడు, ఇద్దరూ ముక్కూ ముక్కూ ఆనించి ఆగుతారు. ఎక్కుడు ఎక్కుతున్న బండికి దారివ్వాలి. లారీకి, బస్సుకి మీరే వెనక్కి తీసుకోండి. వెనక ఎవరైనా అంటుకుని వస్తుంటే ఉబ్బులోకి తప్పుకుని పోనివ్వండి, వాళ్లు అక్కడివాళ్లు, పనికి పోతున్నారు. ఉబ్బులో కారు ఆపి ఫోటోలు తీయడం మాత్రం క్షమించరాని నేరం. వెనక వచ్చేది అంబులెన్సు కావచ్చు.

ఒక్క సంకేతం మన అలవాటుకు పూర్తిగా తలకిందులు. మన రోడ్ల మీద హెడ్‌లైట్లు కొడితే "నేను వస్తున్నా, ఆగు" అని. అక్కడ ఎదుటివాడు ఆగి లైట్లు కొడితే "నువ్వు రా" అని. ఇద్దరు డ్రైవర్లూ ఈ ఒక్కటి వంటబట్టించుకోండి. దాటేటప్పుడు చెయ్యి ఎత్తడం మర్యాద.

అల్లుడిగారికి వేరే చిక్కు. ఎడమ స్టీరింగ్ అలవాటున్నవాళ్లు కుడి సీట్లో కూర్చున్నా పాత దూరమే లెక్కేసుకుని, తెలియకుండా కారును ఎడమకు జరుపుతారు. ఎడమ చక్రాలు గట్టుకు గీసుకుంటాయి. మొదటి గంట మీరు నడపండి, పక్కన కూర్చున్నవాళ్లు ఎడమ అద్దంలో తెల్లగీత ఎంత దూరంలో ఉందో చెబుతుండాలి. మీకేమో రౌండబౌట్: కుడి నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి, ఖాళీ దొరికేదాకా గీత దగ్గర ఆగాలి, ముక్కు దూర్చకూడదు.

ఇంకా రెండు. ఏ9 మీద డన్‌బ్లేన్ నుంచి ఇన్వర్‌నెస్ దాకా సగటు వేగం కొలిచే కెమెరాలు. కెమెరా దగ్గర తగ్గించి తర్వాత పెంచే ఎత్తు పనిచెయ్యదు. మద్యం పరిమితి ఇంగ్లాండ్ కంటే తక్కువ: 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. విస్కీ డిస్టిలరీల్లో డ్రైవర్లకు తర్వాత తాగడానికి సీసాలో పోసి ఇవ్వడం చాలాచోట్ల ఉంది, అడగండి.

నీలాంబరం

దొరికింది! చెల్లెలి మరణ నమోదు 1871, తల్లిదండ్రుల పేర్లు వచ్చాయి. ఆ పేర్లతో ఫార్ పారిష్ రిజిస్టర్‌లో వెతికితే అయిదుగురు పిల్లల బాప్టిజాలు. మొదటి ముగ్గురికి చోటు "రోజల్" అని ఉంది, మా 1811 వాడూ అందులోనే. చివరి ఇద్దరికి, 1820 తర్వాత, "ఆర్మడేల్" అని ఉంది. ఆర్మడేల్ స్కైలో ఉందిగా? వలస స్కైకి వెళ్లారా? ఆరు పేజీలకు 9 పౌండ్లు అయింది.

పాతకాగితం

శభాష్. స్కై కాదు! ఆర్మడేల్‌లు స్కాట్లాండ్‌లో మూడున్నాయి: స్కైలో ఫెర్రీ రేవు, ఎడిన్‌బరా గ్లాస్గోల మధ్య ఒక పట్టణం, ఉత్తర తీరాన బెటీహిల్‌కు తూర్పున ఒక పల్లె. మీది మూడోది, అదే ఫార్ పారిష్.

ఆ రెండు పేర్ల మధ్య ఖాళీలోనే మీ కుటుంబ కథంతా ఉంది. రోజల్ స్ట్రాత్‌నేవర్ లోయలోని పల్లె. 1814 నుంచి 1819 మధ్య సదర్లాండ్ ఎస్టేటు ఆ లోయ పల్లెలన్నీ ఖాళీ చేయించింది, గొర్రెల మేతకు. ఇళ్ల కప్పులకు నిప్పు పెట్టారు. ఖాళీ చేయించిన గుమాస్తా పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారణ జరిగింది, నిర్దోషి అన్నారు. జనాన్ని తీరానికి తోలి, చిన్న చిన్న నేల చెక్కలు ఇచ్చి చేపలు పట్టుకోమన్నారు. వ్యవసాయమూ పశువులూ తప్ప తెలియనివాళ్లు. పిల్లవాడు రోజల్‌లో పుట్టడం, తమ్ముళ్లు ఆర్మడేల్‌లో పుట్టడం, ఇరవై ఏళ్ల తర్వాత ఓడెక్కడం, అన్నీ ఒకే వరసలో వస్తాయి.

ఇప్పుడు కోటల జాబితా మళ్లీ చూడండి. డన్‌రాబిన్ ఎవరిది? ఆ ఎస్టేటు యజమానులదే, సదర్లాండ్ దొరలది. 189 గదులు. గోల్స్పీ ఊరి మీద బెన్ బ్రాగీ కొండకొనన ఉన్న పెద్ద విగ్రహం మొదటి డ్యూకుది. బెటీహిల్ పేరు కూడా ఆ డ్యూకు భార్య ఎలిజబెత్ పేరు మీదే అంటారు. కోట చూడొద్దని కాదు, తప్పకుండా చూడండి. అయితే ముందు కోట, ఆ మర్నాడు రోజల్, ఆ వరస మార్చకండి.

కోటగోడ

మకైల కోట చూడాలంటే టంగ్ ఊరి దగ్గర కాజిల్ వారిక్. మహా అయితే రెండంతస్తుల మొండి టవర్, మిట్ట మీద. లోపలికి ఇనుప మెట్లు, చూడ్డానికి మంచె కట్టారు. ఊళ్లోంచి నడక, చివర ఎక్కుడు. ప్రవేశం ఉచితం. డన్‌రాబిన్ పక్కన దీన్ని చూస్తే ఎవరి దగ్గర డబ్బుండేదో ఎవరూ చెప్పక్కర్లేదు.

డన్‌రాబిన్ చలికాలంలో మూసేస్తారు, జూన్‌లో ఇబ్బంది లేదు. చివరి ప్రవేశం మూసే వేళకు చాలా ముందే ఉంటుంది, మధ్యాహ్నం డేగల ప్రదర్శన చూడాలంటే పొద్దున్నే చేరండి. పడమరకు వెళ్లేటప్పుడు లాక్ అసింట్ ఒడ్డున ఆర్డ్‌వ్రెక్ శిథిలం ఉంది, ఉచితం, పావుగంట చాలు.

పాతకాగితం

రోజల్‌కు వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ పటాల వెబ్‌సైటు తెరవండి, ఉచితం. అందులో రెండు పటాలు మీకు కావాలి. 1747 నుంచి 1755 మధ్య సైన్యం కోసం రాయ్ గీయించిన పటంలో స్ట్రాత్‌నేవర్ పల్లెలు ఇంకా బతికి ఉంటాయి, ఇళ్లు ఎర్ర చుక్కలు. తర్వాత ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన, మైలుకు ఆరంగుళాల పటం, మొదటి ముద్రణ. అందులో అవే చోట్ల కప్పులేని చిన్న గళ్లు, గోడలు మాత్రమే మిగిలాయని గుర్తు. ఆ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి, పారదర్శకత జరిపే పట్టీని అటూ ఇటూ లాగితే గోడలు గడ్డిలోంచి పైకి తేలినట్టు కనిపిస్తాయి.

అక్కడికి వెళ్లాక చూడాల్సింది ఇది: పొడవైన ఇరుకు దీర్ఘచతురస్రాలుగా మోకాలెత్తు రాళ్ల వరసలు. అది లాంగ్‌హౌస్, ఒక కొసన మనుషులు, పల్లంగా ఉన్న కొసన పశువులు. ఇళ్ల పక్కన అలలు అలలుగా లేచిన నేల కనిపిస్తే అవి పాత దున్నకపు గట్లు. సాయంత్రం ఏటవాలు ఎండలో బాగా తేలతాయి, మిట్టమధ్యాహ్నం అంతా చదునే. జూన్‌లో రాత్రి పది దాటాక కూడా వెలుగుంటుంది కాబట్టి తొందరేం లేదు. రోజల్ చుట్టూ కాలిబాట, సమాచార బోర్డులు ఉన్నాయి. రెండు గంటలు వేసుకోండి. ఏ ఇల్లు మనదో తేలదు, దానికి ఆశపడకండి. రిజిస్టర్ పల్లె పేరు దాకానే తీసుకెళ్తుంది.

బెటీహిల్‌లో స్ట్రాత్‌నేవర్ మ్యూజియం పాత ఫార్ పారిష్ చర్చిలోనే ఉంది. ఆ చర్చి ఆవరణలోనే శ్మశానం, చెక్కిన పురాతన శిలువరాయి. చెల్లెలి సమాధి ఉంటే అక్కడో, ఆర్మడేల్ చుట్టుపక్కలో వెతకాలి. పేదవాళ్లకు రాయి ఉండకపోవచ్చు కూడా. రాయి మీద "రెలిక్ట్" అని ఉంటే వితంతువు అని అర్థం. అక్షరాలు అరిగిపోతే పిండి, సుద్ద, షేవింగ్ నురగ పూయకండి, రాయి పాడవుతుంది. ఫోన్ టార్చిని రాయికి పక్కనుంచి ఆనించి పట్టండి, గాట్ల నీడ పడి అక్షరం లేస్తుంది. ఒరిగి ఉన్న రాళ్లను ముట్టుకోవద్దు, టన్ను బరువుండేవి ఉంటాయి.

ఎడిన్‌బరాలో ఉన్న రెండు రోజుల్లో ఒక రోజు జనరల్ రిజిస్టర్ హౌస్‌లో (ఈ నమోదులన్నీ చూసుకునే ప్రభుత్వ కార్యాలయం) సీటు తీసుకోవచ్చు. రోజంతా పేజీకింత లెక్క లేకుండా చూసుకోవచ్చు, ఇంటర్నెట్‌లో పెట్టని ఇటీవలి నమోదులు కూడా అక్కడి తెరల మీద దొరుకుతాయి. ఇంటర్నెట్‌లో జననాలు 100 ఏళ్లు, పెళ్లిళ్లు 75, మరణాలు 50 ఏళ్లు దాటితేనే బొమ్మ కనిపిస్తుంది. చెల్లెలి సంతతి ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఆ సీటే దారి. శనాదివారాలు కుదరదు, ముందే బుక్ చేసుకోండి.

దారిపటం

కాస్త పక్కదారి. ఉల్లాపూల్ మీదుగా వస్తే అక్కణ్నుంచి స్టోర్నోవేకు ఫెర్రీ ఉంది, మూడు గంటల లోపే. మన ఊళ్ల కైఫీయత్తులు రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది స్టోర్నోవేలోనే. గ్లాస్గోలో ముగిస్తున్నారు కాబట్టి ఇంకోటి: 1827లో పత్తికొండలో పోయిన థామస్ మన్రో పుట్టింది గ్లాస్గోలో. అల్లుడిగారి వేర్లు వెతుకుతూ మనవాళ్ల కాగితాల వేర్లూ చూసినట్టవుతుంది.

ఎడమచక్రం

చక్కటి మాట, కానీ స్టోర్నోవే కలిపితే కనీసం రెండు రోజులు పోతాయి. కారుతో ఫెర్రీ అంటే వారాల ముందే బుకింగ్, గాలి ఎక్కువైతే రద్దు. విమానం ముందు రోజులకు దాన్ని ఎప్పుడూ పెట్టుకోవద్దు.

నీలాంబరం

ఇదీ కొత్త ప్లాను. ఎడిన్‌బరా 3 (ఒక రోజు రిజిస్టర్ హౌస్). కారు తీసుకుని స్టర్లింగ్, డూన్, పిట్లాక్రీలో 1. ఇన్వర్‌నెస్ 2, అర్కర్ట్, ఫోర్ట్ జార్జ్. డన్‌రాబిన్ చూసి లేర్గ్ మీదుగా టంగ్, అక్కడ 3 రాత్రులు: రోజల్, బెటీహిల్, ఆర్మడేల్, వారిక్. తర్వాత ఉల్లాపూల్ 1, ఐలన్ డోనన్ దగ్గర 1, గ్లెన్‌కో 1, గ్లాస్గో 1. స్కై వదిలేశాం. లేర్గ్ నుంచి టంగ్ దారి ఎలా ఉంటుంది? దోమల సంగతేంటి?

ఎడమచక్రం

ఇప్పుడు కుదిరింది. లేర్గ్ నుంచి ఏ836, 37 మైళ్ల పైచిలుకు, దాదాపు అంతా సింగిల్ ట్రాక్. పేరు "ఏ" రోడ్డని మోసపోకండి. లేర్గ్‌లో ట్యాంకు నింపుకోండి, మళ్లీ టంగ్ దాకా బంకు లేదు. పెట్రోలు ముక్కు ఆకుపచ్చ, డీజిల్ నలుపు. కార్డు పెట్టి కొట్టుకునే బంకుల్లో ముందు 100 పౌండ్ల దాకా పట్టి ఉంచి తర్వాత సరిచేస్తారు, కార్డులో ఆ మేరకు ఖాళీ ఉంచుకోండి. ఆల్ట్‌నహారా దగ్గర కుడికి బీ873 తిరిగితే లాక్ నేవర్ సరస్సు ఒడ్డునే సైర్ అనే చోటికి, అక్కడే రోజల్. అలాగే ఖాళీ చేయించిన ఇంకో పల్లె గ్రమ్‌మోర్ కూడా ఆ దారిలోనే. కాబట్టి టంగ్‌కు నేరుగా పోకుండా అటు తిరిగి లోయ వెంట బెటీహిల్ దిగి, తీరం వెంట టంగ్ చేరొచ్చు. డన్‌రాబిన్ రోజే అది పెట్టుకుంటే మాత్రం అలసిపోతారు, మర్నాటికి ఉంచండి. చీకటి పడే వేళ, తెల్లవారుజామున జింకలు రోడ్డెక్కుతాయి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉందనే అనుకోండి.

కోటగోడ

అవి దోమలు కాదు, మిడ్జ్‌లు. నలుసంత ఉంటాయి, గుంపుగా వస్తాయి. జూన్ మొదట్లో ఇంకా ఉధృతం కాదు, జులై ఆగస్టులే ఘోరం. గాలి ఆడితే రావు, గాలి నిలిచిన సాయంత్రం చెరువు గట్టున వదలవు. తలకు వల చవక, బరువూ లేదు. అంతకంటే జాగ్రత్తపడాల్సింది పిడుదులతో. రోజల్ గడ్డిలో, ఫెర్న్ పొదల్లో నడిచాక ప్యాంటు మేజోళ్లలో దోపుకుని ఉన్నా సరే, రాత్రికి మోకాళ్ల వెనక, నడుం దగ్గర చూసుకోండి. అంటుకుంటే సన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, నూనె పూయడం, కాల్చడం వద్దు. తర్వాత వారాల్లో చుట్టూ ఎర్రటి వలయం పాకితే డాక్టర్‌కు చూపించాలి, లైమ్ జబ్బు.

నీలాంబరం

రోజల్ ప్రైవేటు భూమా? గేట్లుంటే అనుమతి అడగాలా?

పాతకాగితం

అక్కర్లేదు. 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో బాధ్యతగా కాలినడకన ఎక్కడైనా తిరగొచ్చు, ఇళ్ల ఆవరణలు, పైరున్న పొలాలు తప్ప. కారుకు ఆ హక్కు లేదు, దారి మీదే ఆపే చోట ఆపండి, గేటుకు అడ్డంగా ఆపకండి. తీసిన గేటు తీసినట్టే, మూసిన గేటు మూసినట్టే వదలాలి. శిథిలాల రాయి ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దని అల్లుడిగారికి ముందే చెప్పండి, ఆయన మొదట అడిగేది అదే.

లోయలో సిగ్నల్ దాదాపు ఉండదు. రిజిస్టర్ పేజీలు, రెండు పటాలు కాగితం మీద ముద్రించుకోండి, ఫోన్‌లో ఆఫ్‌లైన్ పటం దించుకోండి. పోస్ట్‌కోడ్ కొట్టి వెళ్లొద్దు, అక్కడ ఒక్క పోస్ట్‌కోడ్ మైళ్ల కొద్దీ పరుచుకుంటుంది. రోజల్‌కు అక్షాంశ రేఖాంశాలు పటంలోంచి రాసుకుని అవే ఇవ్వండి.